ఎవరూ అడగని పేట

అన్యాయం ఎవరికి జరిగింది? శంఖపురి నగరంలోని రేవుపేటలో నివసించే మూడు వందల పన్నెండు కుటుంబాల పడవవారికి జరిగింది. ఏ విధంగా జరిగింది? నీలిజ్వరం పడవలలో వచ్చిందన్న అనుమానం మీద ఆ పేటకు ఏరున్న వైపు తప్ప చుట్టూ నాలుగు నిలువుల ఎత్తున గోడ లేపారు. వారి పడవలన్నింటినీ రాజఘట్టానికి ఈడ్చుకుపోయి గొలుసులతో బంధించారు. పేటవారికి ధాన్యం అందించవలెనని ఒక రాజాజ్ఞ వెలువడింది. పేట తలుపును ఎవరూ ముట్టరాదని మరొక రాజాజ్ఞ వెలువడింది. రెండింటినీ తూచా తప్పకుండా పాటించిన భటులు ధాన్యపు బస్తాలను తలుపు ముందర పేర్చి వెళ్ళిపోయారు. శ్రావణపు వానలకు తడిసి ఆ బస్తాలు మొలకెత్తాయి. తలుపుకు ఇవతల పచ్చని నారు, అవతల ఆకలి. ఈ అధ్యాయం ఆ అన్యాయాన్ని గురించినది. మాంత్రికులూ సాహసాలూ దాని వెంట వచ్చినవే.

యువరాజు కువలయవర్మ నాగశృంగ పర్వతాలలో మూడు మాసాలు ధనుర్విద్య అభ్యసించి, శ్రావణ పౌర్ణమి నాటి ఉదయం శంఖపురి ఉత్తర ద్వారానికి చేరుకున్నాడు. పగడపు వన్నె గోపురాలతో, నెమలికంఠపు రంగు పలకలు పరచిన వీథులతో, పయోధారా నదిని మొలనూలులా చుట్టుకొని మెరిసే ఆ నగరం, ఈనాడు సున్నం పూతలతో, వేపమండల తోరణాలతో, ఎవరో పెద్ద దుప్పటి కప్పినట్టు కనిపించింది. ద్వారం దగ్గర ఇద్దరు భటులు ముఖాలకు వేపాకులు కుట్టిన గుడ్డలు కట్టుకొని నిలబడ్డారు.

"ఎవరు మీరు?" అన్నాడు మొదటి భటుడు.

"యువరాజును."

"అయితే పద్నాలుగు రోజులు ఆ గుడారంలో ఉండాలి. మామూలు మనిషైతే ఏడు రోజులు చాలు."

"యువరాజుకు ఎక్కువెందుకు?"

"నిన్నటిదాకా తక్కువే ఉండేది బాబూ. తెల్లవారి మార్చారు. సాయంత్రానికి మళ్ళీ మారుతుందేమో, ఆగి చూడండి."

"ఈ తలుపు సగం తెరిచి, సగం మూసి ఉందేమిటి?"

"తెరవమని ఒక ఆజ్ఞ, మూయమని ఒక ఆజ్ఞ వచ్చాయి," అన్నాడు రెండవ భటుడు. "రెండింటికీ సరిపోయేట్టు పెట్టాం."

ఆ సమయంలోనే శిలాసేకర్తల బండ్లు ద్వారం పక్కనున్న కొట్టం నుంచి బయలుదేరుతున్నాయి. ఈ సేకర్తలు ఎవరో ఇక్కడ చెప్పాలి. శంఖపురిలో ప్రతి పౌర్ణమికీ ఇంటికొక గులకరాయి రాజసభకు చేరవలెనని తరతరాల ఆచారం. ఆ నెల పాలన సమ్మతమైతే ఏటి నుంచి తెచ్చిన తెల్లరాయిని ఉన్నదున్నట్టుగా ఇస్తారు. సమ్మతం కాకపోతే దీపపు మసిని ఆముదంలో కలిపి రాసి ఇస్తారు. ఎవరి రాయి ఏదో ఎవరికీ తెలియదు. తెల్లవి ఎక్కువైతే రాజు తలచినది సాగుతుంది, నల్లవి ఎక్కువైతే ఆగుతుంది. జ్వరం వచ్చిన నాటి నుంచి జనం గడప దాటరాదు గనుక, తల నుంచి పాదాల దాకా తెల్లగుడ్డ కప్పుకొన్న సేకర్తలే ఇంటింటికీ పోయి రాళ్ళు తెస్తున్నారు. గడచిన రెండు పౌర్ణములలోనూ ఒక్క నల్లరాయి రాలేదు. రేవుపేట గోడ మరి నలభై రోజులు ఉండాలా, వద్దా అన్నది ఈ మధ్యాహ్నం మూడవ జాములో తేలుతుంది.

భటులు ఇద్దరూ గుడారం తూర్పున వెయ్యాలా, పడమర వెయ్యాలా అని వాదించుకుంటుండగా, కువలయుడు కొట్టంలో దూరి ఒక తెల్లగుడ్డ కప్పుకొని, కావలివాడు లేని బండి కాడి పట్టుకున్నాడు. భటులు బండ్లను లెక్కించారు గానీ మనుషులను లెక్కించలేదు.

మొదటి వీథిలో గానుగ ఇంటి ఇల్లాలు కిటికీలోంచి రాయి జారవిడిచింది.

"నల్లదేనయ్యా, దాచడం దేనికి. మా గానుగ ఆగి నెల దాటింది. అయినా అన్నీ తెల్లవే వస్తున్నాయంటే, ఆ తెల్లవి వేసేది ఎదురింటి కంసాలావిడే."

ఎదురింటి కంసాలావిడ రాయి కూడా నల్లనిదే. "మావైపు చూడకు," అందామె. "తెల్లది వేసేది ఆ గానుగావిడ. లేకపోతే ఇంత కరువులో ఆ మొహం అంత నిబ్బరంగా ఉంటుందా?"

మూడవ ఇంటి పండితుడు తెల్లరాయిని బండిలో వేసి, తిరిగి తీసుకొని, సగానికి మసి రాసి మళ్ళీ వేశాడు.

"గోడ కట్టడం మంచిదే. గోడకు ఇవతల ఉన్న నన్ను కూడా ఇంట్లో ఎందుకు మూశారన్నదే నా ప్రశ్న."

"సగం రాస్తే ఎలా లెక్కిస్తారు పంతులుగారూ?"

"అది లెక్కించేవాడి తలనొప్పి. నా అభిప్రాయం అంతే ఉంది."

వీథి చివర ఒక ముసలాయన అరుగు మీదనే కూర్చొని ఉన్నాడు. "జ్వరం లేదు, గిరం లేదు. అంతా కోటలో పుట్టించిన మాట," అని రాయి అందించబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. "దూరంగా నిలబడవయ్యా. నీకు ఉందేమో, ఎవరికి తెలుసు."

నాలుగు వీథులు తిరిగేసరికి యువరాజుకు తన నగరం ఏమంటున్నదో అర్థం కాకుండా పోయింది. ఐదవ వీథి మలుపులో రేవుపేట తలుపూ, దాని ముందర మోకాలెత్తు పెరిగిన నారూ కనిపించాయి. తలుపుకు అవతల ఎవరో తినడానికి చింతగింజలు దంచుతున్న చప్పుడు. ఆ చప్పుడు వినగానే అతని మనసులో ఒక్క సంగతి స్థిరపడింది. మూడవ జాము లోపల ఈ తలుపు తెరుచుకోవాలి.

బండ్లన్నీ శిలాశాలకు చేరాయి. స్ఫటికపు స్తంభాలూ, కమలాలు చెక్కిన పైకప్పూ గల ఆ విశాలమైన శాల నడుమ ఇప్పుడు ఏనుగు పట్టేంత రాగి కాగు సలసల మరుగుతున్నది. అందులో వేపాకు, కుంకుడు, బూడిదనీరు. శిలాధికారి వామనయ్య ముప్పై ఏళ్ళుగా ఆ కొలువులో ఉన్నవాడు, ఒక్కనాడైనా ఆలస్యంగా రాని మనిషి. అతడు బుట్ట వెంట బుట్ట కాగులో కుమ్మరిస్తూ, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు.

కువలయుడు కాగులోకి తొంగి చూశాడు. నల్లని తెట్టు పైకి తేలుతున్నది. అడుగున రాళ్ళన్నీ పొట్టు వొలిచిన కోడిగుడ్లలా తెల్లబడుతున్నాయి.

"వామనయ్యగారూ, రాళ్ళ రంగు పోతోంది."

"మలినం పోతోంది నాయనా. చేతులు మారే ప్రతి వస్తువునూ మూడు పొంగులు ఉడికించాలని ఆజ్ఞ. రాయి చేతులు మారుతుందా, మారదా?"

"మారుతుంది. మరి మసి?"

వామనయ్య గరిటె ఆగిపోయింది. అతడు తెట్టును చూశాడు, రాళ్ళను చూశాడు, గరిటె కింద పెట్టాడు.

"నేను రాళ్ళను చూడను నాయనా. పొంగులు లెక్కపెడతాను. రెండు పౌర్ణములూ ఇదే చేశాను. అన్నీ తెల్లవి వచ్చాయని మహారాజు నాకు శాలువా కప్పారు."

కువలయుడు తన బండిలోని రాళ్ళను నేల మీద పోసి వేరు చేశాడు. తెల్లవి నూట నాలుగు. నల్లవి నూట మూడు. సగం రాసినవి తొమ్మిది. ఒక రాయికి మసి రాసి తుడిచేసి మళ్ళీ రాసిన గుర్తులున్నాయి.

"ఇంతకూ జనం ఏమంటున్నట్టు?" అన్నాడు వామనయ్య.

యువరాజు తల ఎత్తాడు. గోడకు వరుసగా పేటల పేర్లు గల బుట్టలు. చివరి మేకుకు ఒక ఖాళీ బుట్ట వేలాడుతున్నది.

"అది రేవుపేటది," అన్నాడు వామనయ్య. "అక్కడికి వెళ్ళరాదు కదా. ఖాళీ బుట్టనే మూడు పొంగులు ఉడికించి మళ్ళీ తగిలిస్తున్నాను."

అప్పుడు పైకప్పు కింద ఉన్న ఆవిరి ఒక్కచోటికి ముద్దకట్టింది. ఆవిరి పొగ అయింది. పొగ మనిషి అయింది. తలవెంట్రుకల బదులు పాయలు పాయలుగా పొగ జారుతున్న ఆ మనిషి ధూమకేశుడు. జ్వరానికి విరుగుడు తన ధూపమేనని రాజును నమ్మించి, రెండు నెలలకు పైగా సింహాసనం పక్కనే పీట వేయించుకున్న మాంత్రికుడు.

"రంగు వెలుస్తుందని నాకు మొదటి పొంగుకే తెలుసు యువరాజా," అన్నాడు ధూమకేశుడు తాపీగా. "వామనయ్య వంటి నిజాయితీపరుడు ఉండగా నాకు మంత్రం ఖర్చెందుకు? ఇంకో నలభై రోజులకు ఆ పేటలో తెడ్డు పట్టే చెయ్యి మిగలదు. ఏరు ఎవరిదైతే నగరం వారిదే."

మాట ముగియకముందే ఒక పొగతాడు వచ్చి కువలయుని మెడకు చుట్టుకున్నది. ఊపిరి ఆడలేదు. అతడు కావడిబద్ద అందుకొని, కాగు కింది పొయ్యిరాయిని తన్ని, బద్దను అంచుకు ఆనించి బలమంతా వేశాడు. కాగు అవతలి వైపుకు బోర్లపడింది. మరుగునీరు వరదలా పరుచుకొని శాల అంతా ఆవిరి లేచింది. తడిసిన పొగ నానిన దూదిలా బరువెక్కి తాడు సడలింది. యువరాజు ఒక చేత రేవుపేట బుట్టను, మరొక చేత తెల్లగుడ్డ కింద దాచి తెచ్చిన విల్లమ్ములను పట్టుకొని, కాలువ తూములో దూకి, మోకాళ్ళ మీద పాకుతూ రేవుపేట గోడ పాదం దగ్గర తేలాడు.

గోడ మీద ధూమకేశుడు కాపలా పెట్టిన మూడు ధూమశునకాలు, పొగతో చేసిన కుక్కలు, తిరుగుతున్నాయి. అవి మనిషిని కరవవు, మనిషి నీడను కరుస్తాయి. నీడ తెగినవాడు నిలబడిన చోటనే శిల అవుతాడు. కువలయుడు ఆకాశం వంక చూశాడు. నల్లని మేఘం ఒకటి సూర్యుని మీదికి జరుగుతున్నది. మేఘం కప్పగానే బాణం వెంట బాణం వేసి గోడలో మెట్లు నాటి, వాటి మీద కాలు మోపి ఎగబాకాడు. కుక్కలు గోడ వెంట దిగివచ్చి అతని పాదాలను వాసన చూశాయి. నీడ లేదు. అవి తికమకపడి ఒకదాని తోకను ఒకటి మూర్కొన్నాయి. అతడు గోడ తలకు చేరేసరికి గాలి విసిరింది. మేఘం చిరిగింది. ఎండ పడింది. అతని నీడ గోడ మీద నిలువునా సాగింది, మూడు నోళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. కువలయుడు కింద ఆరవేసిన వలల గుట్ట మీదికి దూకాడు. తెగినది అతని పైగుడ్డ అంచు నీడ మాత్రమే. ఆ అంచు రాయి అయి ఠంగున నేల మీద పడింది.

"వలలు తొక్కకు బాబూ," అన్నది ఒక గొంతు. "అక్కడే ఆగు. దగ్గరికి రాకు. మాలో జ్వరం ఉన్నవాళ్ళున్నారు."

ఆమె దేవుడమ్మ, రేవు పెద్ద. అరవై దాటిన మనిషి. పస్తులకు ఒళ్ళు వాడినా వెన్ను వంగలేదు. ఆమె వెనుక పేటవారు ఎడమెడంగా నిలబడ్డారు. కువలయుడు తానెవరో చెప్పి, జరిగినదంతా వివరించి, బుట్టను నేల మీద పెట్టాడు.

"మీ మూడు వందల పన్నెండు రాళ్ళూ మసి రాసి ఇవ్వండి. ఉడకని రాళ్ళను సభలో పోస్తాను."

"మసి రాయమని నువ్వే చెప్పేస్తే ఇంక మమ్మల్ని అడిగేదేటి?" అన్నది దేవుడమ్మ. జనం నవ్వారు. నవ్వడానికి కూడా ఓపిక చాలక కొందరు కూర్చున్నారు.

"నాను తెల్లదే వేస్తాను," అన్నాడు ఒక పడవవాడు. "నా తమ్ముడు జ్వరంలో ఉన్నాడు. గోడ లేకపోతే ఊరంతా అంటుకుంటాది. గోడ ఉండనీ. తిండి రావాల, అంతే."

"తిండి రానప్పుడు గోడెందుకురా?" అన్నది అతని వదిన.

"గోడ వేరు, తిండి వేరొదినా."

"నీకు వేరు. నా కడుపుకి రెండూ ఒకటే."

వాదన సాగుతుండగానే రాళ్ళు బుట్టలో పడ్డాయి. కువలయుడు వంగి చూసి నిర్ఘాంతపోయాడు. ఇక్కడ కూడా సగం తెల్లవి, సగం నల్లవి.

"రాళ్ళతో తేలదు బాబూ ఇది," అన్నది దేవుడమ్మ. "గోడ మంచిదో కాదో మాకే తెలీదు, మీ వీథులోళ్ళకేటి తెలుస్తాది. మా ఆకలి ఒక్కటే తెలుసు. దానికి తెలుపూ లేదు, నలుపూ లేదు. మీ నాన్న నాకొక తెడ్డుమాట బాకీ ఉన్నాడు. అది అడుగుతాను."

తెడ్డుమాట అన్నది ఆ రేవు కట్టుబాటు. వరదలో ప్రాణం దాటించినందుకు పడవవాడు కూలి పుచ్చుకోడు. దాటినవాడు మాట ఇస్తాడు. ఏనాడైనా ఆ ఇంటివారు అడిగితే, వారిని తన చేతులతో తెడ్డు వేసి ఏటికి ఎదురు దాటించి, పొడినేల మీద నిలబెట్టాలి. ఇరవై మూడేళ్ళ కిందట పయోధార పొంగి కోటను ముంచినప్పుడు, గర్భవతి అయిన రాణితో సహా రాజును దాటించినవాడు దేవుడమ్మ భర్త సూరయ్య. దాటించి, మిగిలినవారి కోసం వెనుదిరిగి, మళ్ళీ రాలేదు. ఆ రాజు ఇచ్చిన మాటను ఆమె ఇంతకాలం అడగలేదు.

"నేను తెడ్డు వేస్తాను," అన్నాడు కువలయుడు. "ఆనాడు దాటిన ప్రాణాలలో నాదీ ఒకటి."

"మాట ఇచ్చింది నువ్వు కాదు. ఇచ్చినోడు బతికుండగా కొడుకు చేత చెల్లించుకోడం మా రేవులో లేదు. నన్ను ఆయన దగ్గరికి చేర్చు, చాలు."

పడవ లేదు. వలలకు రంగు పట్టించే కొయ్యతొట్టి ఒకటి ఉంది. దానిని ఏటిలోకి దొర్లించి బుట్టను నడుమ పెట్టుకొని ఇద్దరూ చెరొక అంచున కూర్చున్నారు. ప్రవాహం దానిని అందుకొని బొంగరంలా తిప్పింది. గోపురాలు చుట్టూ తిరిగాయి, గట్లు తారుమారయ్యాయి, తూర్పేదో పడమరేదో తెలియలేదు. సుడి ఒకటి నోరు తెరిచి తొట్టిని సగం మింగింది. దేవుడమ్మ అరచేతులతో నీళ్ళు తోడుతూ, "అటు వొరుగు, ఇప్పుడిటు," అని చెప్పిన ప్రకారం ఒరిగి యువరాజు దానిని ఒడ్డెక్కించాడు. రాజఘట్టం మెట్లను తొట్టి ఢీకొన్నప్పుడే మూడవ జాము భేరి మోగింది.

ఘట్టం పైన, ముత్యాల జాలరు కింద, విక్రాంతవర్మ మహారాజు కొలువుతీరి ఉన్నాడు. ముఖానికి తొమ్మిది పొరల పట్టుతెర. నలభై రోజులుగా ఎవరినీ ముట్టనివాడు గనుక బంగారు పట్టకారుతో ఒక తెల్లరాయిని ఎత్తి చూస్తున్నాడు. పక్కనే ధూమకేశుడు, ఏమీ ఎరగనట్టు. రెండు వైపులా మిద్దెల మీద జనం.

కువలయుడు మెట్లెక్కి బుట్టను కుమ్మరించి, కాగు సంగతి చెప్పాడు. మిద్దెల మీద గుసగుసలు లేచాయి. గానుగావిడ కంసాలావిడ వంక చూసింది. మహారాజు పట్టకారుతో రాళ్ళను కెలికాడు.

"అన్నీ ఉడికి వెలిశాయన్నావు. ఉడకని వీటిలో కూడా సగం తెల్లవే కదా. రేవుపేటవారికే గోడ సమ్మతమైనప్పుడు నన్నేమి చేయమంటావు?"

"అదే విన్నవిద్దామనుకున్నాను," అన్నాడు ధూమకేశుడు.

అప్పుడు దేవుడమ్మ తొట్టిలోనే లేచి నిలబడింది.

"మహారాజా, రాళ్ళ మాట అటుంచండి. నాను సూరయ్య పెళ్ళాన్ని. తెడ్డుమాట అడుగుతున్నాను."

పట్టకారు మహారాజు చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లింది.

"ఇంతకాలం అడగలేదేమమ్మా?"

"అవసరం రాలేదు బాబూ."

"రేవుపేట మనిషిని సమీపించినవారు నలభై రోజులు గోడ లోపలే ఉండాలి," అన్నాడు ధూమకేశుడు. "ఆ ఆజ్ఞ ప్రభువులదే."

"నాదే," అన్నాడు మహారాజు. "రాసినవాడికి కూడా వర్తిస్తుంది."

ఆయన తొమ్మిది పొరల పట్టు విప్పి, అందరిలాగే ఒక వేపాకు గుడ్డ కట్టుకొని మెట్లు దిగాడు. కువలయుడు కత్తితో ఒక పడవ గొలుసు తెంచాడు. మహారాజు తెడ్డు పట్టాడు. పడవ ప్రవాహానికి ఎదురు తిరిగింది.

"తెడ్డు నిలువుగా దింపు మహారాజా," అన్నది దేవుడమ్మ. "పులుసు కలిపినట్టు కాదు."

ధూమకేశుడు రెండు చేతులూ ఎత్తాడు. అతని తలలోని పొగంతా ఒక్క పాము అయి పడవ మీదికి సాగింది. కువలయుడు బాణాన్ని ఏటిలో ముంచి తడిబాణం సంధించి పడగను చీల్చాడు. చీలిన పడగ రెండయింది, రెండు నాలుగయ్యాయి. అతడు మెట్ల మీద ఒంటరిగా నిలబడి బాణం ముంచుతూ, వేస్తూ, ఒక్కొక్క మెట్టే వెనక్కు తగ్గుతున్నాడు. నీరు నడుము దాకా వచ్చింది. మిద్దెల మీద జనంలో కొందరు యువరాజుకూ, కొందరు మాంత్రికునికీ జయం పలికారు. చాలామంది పక్కవారు ఎవరికి పలుకుతారోనని చూస్తున్నారు.

అరచేతులు చిట్లి రక్తం తెడ్డు మీద కారుతుండగా మహారాజు పడవను రేవుపేట మెట్లకు చేర్చాడు. జ్వరమున్న పేటవారు ఆయనకు అంటుకుంటుందని దూరంగా జరిగారు. ఆయన చెయ్యి చాపి దేవుడమ్మను మెట్టు మీదికి దింపాడు.

"తీరిందా అమ్మా?"

"దాటు అయింది. పొడినేల ఎక్కడుంది బాబూ? వీళ్ళంతా ఇంకా వరదలోనే ఉన్నారు."

మహారాజు వారి ముఖాలు చూశాడు. దంచిన చింతగింజల రోలు చూశాడు. నేరుగా నడిచి, ఎవరూ ముట్టరాదని తాను శాసించిన తలుపు గడియను నెత్తుటి చేతులతో లాగాడు. తలుపు తెరుచుకున్నది. మొలకెత్తిన బస్తాలు గడప మీదికి ఒరిగాయి. "రోగులను ఇక్కడే ఉంచి వైద్యం చేద్దాం, గోడ ఆ ఒక్క పనికే," అన్నాడాయన తలుపు బయటి కావలి భటులతో. "కోట ధాన్యం ఇప్పుడే ఈ తలుపులోంచి రావాలి. చేతులతో మోసుకురండి. మీతోపాటు నేనూ మోస్తాను."

ఏటి దిగువన పొగ నల్లగా కమ్ముకొని రాజఘట్టం కనబడకుండా పోయింది. అందులోంచి వింటినారి మోత ఇంకా వినిపిస్తూనే ఉంది. కోట ధాన్యం తలుపు దాకా రాగానే మహారాజు మొదటి బస్తా భుజాన వేసుకొని లోపలికి తెచ్చి దించాడు.

దేవుడమ్మ ఆయన పడవలో వదిలిన తెడ్డును తీసుకొని ఏటిలో ముంచి, నెత్తురు పోయేదాకా కడిగి, తన గుమ్మం పక్కన నిలబెట్టింది.

"సూరయ్యకిచ్చిన మాట చెల్లింది," అన్నది.